ఓడకి ఒక కిటికీ ఎక్కువైంది

నేను జీవితంలో మొదటిసారి నీళ్ళలోకి దింపిన ఓడ మా బాపు నాడె. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, మగ్గం మీద పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతూ పేకని మోసుకెళ్ళేదే నాడె. చూడటానికి అచ్చం పడవలాగే ఉంటుంది. రెండు కొసలూ మొనదేలి, మధ్యలో కండె పెట్టుకోవడానికి గుంట. ఐదో క్లాసులో ఉన్నప్పుడనుకుంటా, ఇంటి వెనక హౌజులో వదిలాను. కొసలకి ఇనుప మొనలుంటాయని నాకేం తెలుసు? వదిలీ వదలగానే బుడుంగున మునిగింది. ఆ తర్వాత నా వీపు ఎలా మోగిందో వేరే చెప్పక్కర్లేదు.

మాది ముస్తాబాద్. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లా, నేను చదువుకునేటప్పుడు కరీంనగర్ జిల్లా. ఇంజినీరింగ్ అయ్యేదాకా నేను చూసిన అతి పెద్ద నీళ్ళు నర్మాల దగ్గరి ఎగువ మానేరు. అలాంటివాడికి రెండొందల ఏళ్ళ కిందటి తెరచాప యుద్ధనౌకల నమూనాలు చేసే పిచ్చి ఎలా పట్టిందని ఆఫీసులో అందరూ అడుగుతారు. మా ప్రాంతానికి ఓడలతో అసలు సంబంధమే లేదా అంటే, ఉందని బుకాయించొచ్చు. మా పక్క జగిత్యాల జిల్లా కోటిలింగాల శాతవాహనుల ఊరు, అదే వంశంలోని యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరకొయ్యల ఓడ ఉంటుంది. కానీ నా పిచ్చికి కారణం శాతవాహనులు కాదు, ఒక పెళ్ళి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2019లో, స్నేహితుడి పెళ్ళికి విశాఖపట్నం వెళ్ళాను. అందరిలాగే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికెళ్ళి ఫోటోలు దిగాం. 1971లో ఘాజీ మునిగిన కథ మళ్ళీ ఒకసారి విన్నాం. రాత్రి లాడ్జిలో నిద్రపట్టక, ఇదే సముద్రంలో అంతకుముందు ఇంకేమైనా యుద్ధాలు జరిగాయా అని వెతికితే 1804 తగిలింది.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో విశాఖ రేవు ముందు రెండు వర్తక ఓడలు లంగరేసి ఉన్నాయి, ప్రిన్సెస్ షార్లెట్, బార్నబీ. వాటికి కాపలాగా ఇంగ్లీషు వాళ్ళ యుద్ధనౌక సెంచూరియన్, 50 ఫిరంగులది. వాటి మీదికి ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మూడు ఓడలతో వచ్చాడు. 74 ఫిరంగుల మరెంగో, దాని వెనక అటలాంట్, సెమిలాంట్ అనే రెండు ఫ్రిగేట్లు. వచ్చేటప్పుడు ఇంగ్లీషు జెండాలే ఎగరేసుకుంటూ వచ్చాడు, అప్పట్లో అది మామూలే. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు! ఓడ బాధ్యత లెఫ్టినెంట్ జేమ్స్ రాబర్ట్ ఫిలిప్స్ మీద పడింది. బార్నబీ ఒడ్డుకి కొట్టుకుపోయి అలల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్‌ని ఫ్రెంచి వాళ్ళు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం తీరానికి దగ్గరగా జరిగి మళ్ళీ లంగరేసి, ఒడ్డు మీది ఫిరంగుల తోడుతో, తాళ్ళూ తెరచాపలూ చీలికలైనా నిలబడింది. లిండ్ మధ్యలో పడవ మీద తిరిగొచ్చి తన ఓడ ఎక్కాడు. చివరికి లిన్వా వెనక్కి తిరిగాడు. తన కన్నా చిన్న ఓడని వదిలేసి పోయినందుకు తర్వాత నెపోలియన్ దగ్గర చీవాట్లు కూడా తిన్నాడు.

సినిమా తీయొచ్చు కదా! మనవాళ్ళెవరూ తీయలేదు కాబట్టి నేను ఓడ చేద్దామనుకున్నాను. చెక్కతో, 1:96 స్కేలులో, అంటే అసలు ఓడలో 96 అడుగులు నా దగ్గర 1 అడుగు.

మొదట మరెంగో చేద్దామనే అనుకున్నా, పెద్దది కదా అని. ఫ్రెంచి 74 ఫిరంగుల ఓడలు చేసేవాళ్ళకి ఒక అదృష్టముంది. జాక్ నోయెల్ సానే అనే ఆయన 1782లో గీసిన ఒకే డిజైన్ మీద పదుల కొద్దీ ఓడలు కట్టారు, మరెంగో వాటిలో ఒకటి. పైగా జాన్ బుద్రియో అనే ఫ్రెంచాయన అలాంటి ఓడ మీద నాలుగు సంపుటాలు రాశాడు, మేకు దగ్గర్నుంచి వంటగది దాకా. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ బ్రహ్మాండం. పొడవు 172 అడుగులు అని చూసి, 96తో భాగించి, కాగితం మీద గీత గీసేశాను. 54 సెంటీమీటర్ల చిల్లర వచ్చింది. వారం తర్వాత మీటర్లలో చూస్తే అసలు పొడవు 55.87 మీటర్లు, అంటే నా ఓడ 58 సెంటీమీటర్ల పైన ఉండాలి. మూడున్నర సెంటీమీటర్లు ఎక్కడ మాయమయ్యాయి? ఆ అడుగు మన అడుగు కాదు. విప్లవానికి ముందు ఫ్రెంచి వాళ్ళు వాడిన రాజుగారి అడుగు 32.48 సెంటీమీటర్లు, ఇంగ్లీషు అడుగు 30.48. వాళ్ళ పౌను కూడా బరువే. వాళ్ళు 36 పౌన్ల గుండు అంటే అది దాదాపు 17.6 కిలోలు, ఇంగ్లీషు లెక్కన 36 పౌన్లయితే 16.3 కిలోలే. 1999లో నాసా వాళ్ళ మార్స్ ఆర్బిటర్ కూడా ఇలాంటి కొలతల గొడవలోనే పోయింది, కాబట్టి నేనేమీ సిగ్గుపడలేదు. కానీ మరెంగోని పక్కన పెట్టాను. తీరం ఎవరు వదల్లేదో ఆ ఓడే చేద్దామని సెంచూరియన్‌కి మారాను.

పెద్ద తప్పు చేసింది ఇక్కడే.

2020లో లాక్‌డౌన్ పెట్టగానే ల్యాప్‌టాప్ పట్టుకుని ముస్తాబాద్ వచ్చేశాను. పగలు కాల్స్, రాత్రి ఓడ. పాత ఓడల ప్లాన్లు అమ్మేచోట సెంచూరియన్ ప్లాన్ కొని ముందే ప్రింటు తీయించుకున్నాను. కొలతలు సరిచూసుకున్నా కూడా. నేను చదివిన లెక్క ప్రకారం ఫిరంగుల అంతస్తు పొడవు 146 అడుగులు, వెడల్పు 40 అడుగుల చిల్లర. ప్లాన్ మీద 144, 40. రెండడుగుల తేడా అంటే నా స్కేలులో 6 మిల్లీమీటర్లు, కాగితం సాగిందో ప్రింటరు తప్పో అనుకున్నా. ఓడ వెన్ను, పక్కటెముకలు ప్లైవుడ్‌లో కోసి, పైన అంకుడు కర్ర పలకలు అతికించాను. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్రే. ఓక్ ఓడని ఓక్‌తో చేయకూడదు, టేకుతో అసలే కూడదు. వాటి ఈనెలు ఈ స్కేలులో వరి మడిలో గట్లలా కనిపిస్తాయి. అంకుడుకి ఈనె సన్నం, గోరుతో గీస్తే తప్ప కనపడదు.

నాలుగు నెలల తర్వాత ఒక పక్క పూర్తయింది. కింది అంతస్తు ఫిరంగులు అమర్చాలి. 50 ఫిరంగుల సెంచూరియన్‌కి కింది అంతస్తులో 22, అంటే పక్కకి 11. నా దగ్గర 11 ఇత్తడి గొట్టాలు సిద్ధంగా ఉన్నాయి. కిటికీలు చూస్తే 12.

ఆఫ్ బై వన్! మన వృత్తిలో పుట్టి పెరిగిన బగ్గే కదా, కోడ్‌లో అయితే పది నిమిషాల్లో పట్టుకునేవాణ్ణి. ఇక్కడ మాత్రం నాలుగు నెలల కష్టం ఎదురుగా ఉంది కదా, బుద్ధి సాకులు వెతకడం మొదలెట్టింది. వెతికితే సాకు దొరికింది కూడా. ఆ కాలపు ఓడల్లో అన్నిటికన్నా ముందున్న కిటికీలో చాలాసార్లు ఫిరంగి పెట్టకుండా ఖాళీగా వదిలేవారు, తాళ్ళ పనికి. అదే అయ్యుంటుంది అని రెండు వారాలు నన్ను నేనే జోకొట్టుకున్నాను. అబద్ధం చెప్తే అతికినట్టుండాలంటారు, ఇది మరీ అతికింది.

అసలు సంగతేంటంటే సెంచూరియన్ పేరుతో ఇంగ్లీషు వాళ్ళకి చాలా ఓడలున్నాయి. వాటిలో బాగా పేరు మోసింది 1732లో పోర్ట్స్‌మత్‌లో దిగింది. జార్జ్ ఆన్సన్ దాని మీద ప్రపంచం చుట్టి వచ్చాడు, 1743లో స్పెయిన్ వాళ్ళ మనీలా ఓడని నిధితో సహా పట్టుకున్నాడు. అది 60 ఫిరంగుల ఓడ, కింది అంతస్తులో 24. గ్రీనిచ్ మ్యూజియంలో దాని నమూనా ఉంది, ఆన్సన్ కోసమే 1747లో చేసింది. ప్లాన్ వెతికితే ముందు వచ్చేది అదే. దాన్ని 1769లో విరగ్గొట్టేశారు. విశాఖలో నిలబడిన సెంచూరియన్ వేరు. 1774లో హార్విచ్‌లో దిగింది. అంటే నేను యుద్ధానికి 35 ఏళ్ళ ముందే కట్టెలైపోయిన ఓడని విశాఖ తీరానికి తెచ్చాను. రెండు మాడ్యూళ్ళకి ఒకే పేరు పెడితే ఏమవుతుందో మీకు తెలిసిందే.

మా టీంలో ఒకతను ఫోన్లో నవ్వి నవ్వి, "ఆ పన్నెండో కిటికీకి పుట్టీ పెట్టి రంగేసెయ్ బాస్, ఎవడు లెక్కపెడతాడు?" అన్నాడు. నిజమే, ముస్తాబాద్‌లో ఎవడు లెక్కపెడతాడు? మొత్తం హైదరాబాద్‌లో ఎవడు లెక్కపెడతాడు? పుట్టీ కలిపాను కూడా.

అప్పుడు బాపు వాకిట్లో కూర్చొని ఉన్నాడు. సిరిసిల్లలో ఆయనకి రెండు సాంచాలుండేవి, లాక్‌డౌన్‌తో ఆగిపోయాయి. మరమగ్గం అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా దగ్గర ఎవరూ అనరు, సాంచె అంటారు. పొద్దున లేస్తే చెవుల నిండా ఆ చప్పుడుతో పాతికేళ్ళు బతికిన మనిషి, ఆ నిశ్శబ్దంలో ఏం చేయాలో తెలియక నా ఓడని చూస్తూ ఉండేవాడు. "ఏమాయెరా, ముఖం గట్ల వెట్టినవ్?" అన్నాడు. చెప్పాను. ఓడని చేతిలోకి తీసుకుని, కిటికీల మీద వేలు జరుపుతూ లెక్కపెట్టాడు. పుట్టీ డబ్బా వైపు చూశాడు.

"పేక తప్పితె గూడ బట్టకు గంజి వెట్టి ఇస్తరు కొందరు," అన్నాడు. "సేటు సూడడు. ఉతికినంక కొన్నోడు సూస్తడు."

అంతే, ఇంకేం అనలేదు. పుట్టీ గట్టిపడేదాకా అలాగే వదిలేశాను. ఆ పాత ఓడ ఇప్పటికీ ఇంట్లో టీవీ పక్కనే ఉంది, అమ్మ దాంట్లో రిమోట్లు, బాపు బీపీ గోలీలు పెడుతుంది. ఆన్సన్ చూస్తే ఏడ్చేవాడు.

రెండోసారి మొదలుపెట్టేటప్పుడు సరైన ఓడ దొరికింది గానీ ఇంకో చిక్కు వచ్చింది. ఇంగ్లీషు నౌకాదళం ప్లాన్లు చాలావరకు గ్రీనిచ్‌లో భద్రంగా ఉన్నాయి, ఎక్కువగా 1:48 స్కేలులో, పావు అంగుళానికి ఒక అడుగు. నాకు సగం చేస్తే సరిపోతుంది. కానీ ప్లాన్ అంటే కట్టబోయే ముందు గీసింది. అది డిజైన్ డాక్యుమెంట్, ప్రొడక్షన్‌లో నడుస్తున్నది కాదు. కొన్ని ఓడలకి కట్టిన తర్వాత కొలిచి గీసిన ప్లాన్లు ఉంటాయి, అన్నిటికీ ఉండవు. అదీగాక నాకు కావాల్సింది 1774 నాటి ఓడ కాదు, 1804 నాటిది. ముప్పై ఏళ్ళలో ఎన్ని మరమ్మతులు, ఎన్ని ప్యాచ్‌లు! ఓడల అడుగుకి రాగిరేకులు తొడగడం ఇంగ్లీషు నౌకాదళం మొత్తానికి మొదలైందే 1779 తర్వాత. కాబట్టి పుట్టినప్పటి సెంచూరియన్‌కి అడుగు తెల్లగా పూత పూసి ఉండాలి, విశాఖ నాటి దానికి రాగి ఉండాలి. ఆ రేకు కొలత 4 అడుగులు, 14 అంగుళాలు. నా స్కేలులో ఒకటిన్నర బియ్యపు గింజంత. బజార్లో దొరికే రాగి రేకుల మీద మేకుల తలలు చికెన్‌పాక్స్‌లా పొంగి ఉంటాయి, నిజానికి ఆ మేకులు రేకులోకి దిగిపోయి ఉండేవి. అందుకే మామూలు రాగి టేపుని నున్నగా కోసుకున్నా, వేల ముక్కలు.

జెండా కూడా అంతే. మనం చూసే యూనియన్ జాక్‌లో ఐర్లండ్ ఎర్ర గీతలు చేరింది 1801 జనవరి 1న. 1774 ఓడ కదా అని పాత జెండా కడితే విశాఖ యుద్ధం తప్పు, 1804 జెండా కట్టి అడుగున రాగి మర్చిపోతే రెండూ తప్పు. అన్నీ ఒకే తేదీకి చెక్ అవుట్ చేయాలి. ఒక ఫైలు పాత బ్రాంచిలో ఉండిపోయినా బిల్డ్ నడుస్తుంది, అదే ప్రమాదం. ఎర్రర్ చెప్పే కంపైలర్ ఈ పనిలో లేడు.

అంత పెద్దవాళ్ళే తప్పులో కాలేస్తారని కొంచెం ధైర్యం చెప్పుకుంటాను. టర్నర్ అంతటి చిత్రకారుడు 1824లో ఇంగ్లండ్ రాజు కోసం ట్రఫాల్గర్ యుద్ధం గీస్తే నావికులు దుమ్మెత్తిపోశారు, వేరే వేరే గంటల్లో జరిగినవన్నీ ఒకే క్షణంలో గీశాడని. పోర్ట్స్‌మత్‌లో నెల్సన్ ఓడ విక్టరీని ఎన్నో దశాబ్దాలు నిగనిగలాడే పసుపు, నలుపు చారలతో చూపించారు. పాత రంగు పొరలు గీకి పరీక్షించి 2015లో కొత్త రంగు వేస్తే, పసుపు కాస్తా లేత గులాబీ కలిసిన గోధుమ రంగు అయింది. ప్రపంచం మొత్తంలో ఇళ్ళల్లో అద్దాల పెట్టెల్లో ఉన్న విక్టరీలన్నీ ఒక్క రోజులో తప్పయిపోయాయి. వాళ్ళ మీద జాలేసింది, కొంచెం సంతోషంగా కూడా అనిపించింది :)

నా రెండో ఓడకి తాళ్ళు వేసేటప్పుడు బాపు పూర్తిగా పనిలోకి దిగాడు. డేవిడ్ స్టీల్ అనే ఆయన 1794లో వేసిన పుస్తకంలో ఏ సైజు ఓడకి ఏ తాడు ఎంత మందమో పట్టికలు ఉంటాయి. అందులో 7 అంగుళాలు అని ఉంటే నేను 96తో భాగించి 1.85 మిల్లీమీటర్ల తాడు తెచ్చాను. కడుతుంటే ఓడ మీద కొండచిలువలు పాకుతున్నట్టుంది. బాపు చూసి, "తాడు సుట్టు కొలుస్తర్రా, అడ్డం ఎవడు కొలుస్తడు?" అన్నాడు. ఆయన చెప్పింది బావి మోకు సంగతి. వెళ్ళి చూస్తే స్టీల్ పట్టికలు కూడా చుట్టుకొలతలే! 7ని 3.14తో భాగించాలి. అప్పుడు నా స్కేలులో 0.6 మిల్లీమీటర్ల లోపు. ఒక పై విలువ మిస్సయింది, అంతే.

తర్వాత పురి. ఓడ మీద మామూలు తాళ్ళకి మూడు పాయలు, కుడి పురి. అలాంటివి మూడు కలిపి ఎడమ పురి తిప్పితే లంగరు మోకు. బజారు దారాల్లో ఏ పురి ఏ పక్కకుందో దుకాణపాయనకే తెలియదు. బాపుకి కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు, వేళ్ళ మధ్య నలిపి ఇది కుడి, ఇది ఎడమ అని రెండు కుప్పలు పోసేవాడు. తర్వాత పాత ఫ్యాన్ మోటరుతో చిన్న తాళ్ళ మిషను కట్టాడు. రాత్రి పది దాటేదాకా ఇద్దరం తాళ్ళు పేనేవాళ్ళం. ఇంటర్ తర్వాత ఆయనతో నేను అంతసేపు కూర్చున్నది అదే మొదటిసారి.

తెరచాపల దగ్గర మాత్రం ఓడిపోయాం. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన చేతులున్నాయి, సన్నబట్టకి కొదవేంటి అని నా ధీమా. నేను తెచ్చిన నూలు బట్టని బాపు వెలుగుకి పట్టి చూసి, అంగుళానికి 60 పోగులు అన్నాడు. నేను ఫోన్లో లెక్కేశాను. అంగుళంలో 60వ వంతుని 96తో గుణిస్తే, అసలు ఓడ మీద ఒక్కో పోగుకి 4 సెంటీమీటర్ల జాగా. "మోకులతోని నేసినట్టున్నది," అన్నాడు. 100 పోగులదైనా రెండున్నర సెంటీమీటర్లు పోతుంది. ఎంత సన్నం నేసినా ఈ స్కేలుకి బట్ట బట్టలా కనపడదు. చివరికి తేల్చింది బాపే. "అయితె బట్టనే వెట్టకు." పాతికేళ్ళు బట్ట నేసిన మనిషి ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో ఇప్పటికీ ఆశ్చర్యమే. పల్చటి కాగితానికి రంగు అద్ది, కుట్లు గీతలుగా గీశాం. ఇంగ్లీషు తెరచాప గుడ్డ వెడల్పు 2 అడుగులు కాబట్టి మాకు ప్రతి 6.35 మిల్లీమీటర్లకి ఒక కుట్టు. ఓడ లంగరేసి ఉంది కాబట్టి ఎక్కువ చాపలు చుట్టేసే ఉంచాను, అదీ కలిసొచ్చింది.

2023లో సాంచాలు తుక్కు కింద అమ్మేశాడు. దాని గురించి ఇంట్లో పెద్దగా మాట్లాడుకోలేదు. నాడె ఒకటి ఉంచుకున్నాడు.

ఓడ పూర్తయ్యాక దాన్ని నీళ్ళ మీద ఉన్నట్టు పెడదామని రెజిన్‌తో సముద్రం చేస్తుంటే బాపు అడిగాడు. అసలు గీ ఓడలు ఈడికెందుకొచ్చినయ్, ఏం గొనవోయిండ్రు? ఏముంది, ఆ తీరం నుంచి కంపెనీ వాళ్ళు ఏళ్ళ తరబడి ముఖ్యంగా కొనుక్కెళ్ళింది నేత బట్టలే. మాధవాయిపాలెం పేరు మీద మాడపొల్లం అని ఒక రకం గుడ్డకి ఇంగ్లీషులో పేరే పడింది. బాపు కొంచెంసేపు ఓడ చుట్టూ తిరిగి చూశాడు.

"మరి బట్ట మూటలు ఓడ మీదికి ఎట్ల వోయినయ్? ఓడ ఒడ్డుకు రాదంటివి."

పడవల మీద, అన్నాను.

"ఏవీ?"

నా సముద్రంలో ఒక్క పడవ లేదు. వేల రాగిముక్కలు అతికించి, తాడు పురి కూడా కుడా ఎడమా చూసుకుని, విశాఖ రేవులో రేవు మనుషులే లేకుండా చేశాను. అప్పట్లో విశాఖలో లోపలి హార్బర్ లేదు, అది 1933లో వచ్చింది. ఓడ దూరంగా ఆగాలి, మనిషైనా మూటైనా అలల మీదుగా పడవలోనే వెళ్ళాలి. కోరమాండల్ తీరంలో ఆ పనికున్నది మసూలా పడవ. దానికి మేకు ఉండదు, పక్కటెముకలు ఉండవు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కలిపి కుట్టేస్తారు, సందుల మీద పీచు దట్టించి. మేకులు కొట్టిన ఇంగ్లీషు పడవని ఆ అలలు నేలకేసి కొడితే పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. పదిమంది దాకా తెడ్డు వేసేవాళ్ళు. సెంచూరియన్‌ని నడిపిన లెఫ్టినెంట్ పేరు, అతని పేరులో మూడు ముక్కలూ నాకు కంఠస్థం. తెడ్డు వేసినవాళ్ళది ఒక్క పేరూ ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

వీటికి గ్రీనిచ్‌లో వెతుక్కునే 1:48 ప్లాన్లు ఉండవు, కుట్టేవాడు ప్లాన్ చూసి కుట్టడు కదా. 1840లలో ఎద్మోన్ పారిస్ అనే ఫ్రెంచి నావికుడు ప్రపంచమంతా తిరిగి గీసిన నాటు పడవల పుస్తకంలో మసూలా ఉంది, కుట్టుతో సహా. ఒక ఇంగ్లీషు ఓడ పక్కన పెట్టే తెలుగు తీరం పడవకి ఫ్రెంచి పుస్తకమే గతి. ఫ్రెంచి కొలత అనగానే ఈసారి ముందు అది ఏ అడుగో చూశాను, మీటర్లేలెండి.

30 అడుగుల పడవ నా స్కేలులో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. పలకలు కోసి, ముందుగా ఆవిరి పట్టి వంచాను. కుట్టడం నా వల్ల కాలేదు. పట్టుదారంతో రెండు కుట్లు వేసేసరికి పలక అంచు చీలిపోయేది. బాపు తీసుకున్నాడు. ముందు సూదిని కాల్చి కన్నాలు వేసి, దారానికి మైనం రాసి, లోపల పీచుకి బదులు నూలు దట్టించి కుట్టుకుంటూ పోయాడు. ఆయనకి కంటి ఆపరేషన్ అయి ఆరు నెలలే, భూతద్దం స్టాండు కొనిచ్చాను. రోజుకి ఒక పలక. సంక్రాంతికి వెళ్ళేసరికి ఒకటి పూర్తయి ఉంది. నా 50 ఫిరంగుల ఓడ పక్కన పెడితే, ఇంటికొచ్చినవాళ్ళందరూ ముందు దాన్నే చేతిలోకి తీసుకుంటున్నారని అమ్మ చెప్పింది.

ఇప్పుడు తెడ్డువాళ్ళని చెక్కుతున్నాను, ఒక్కొక్కడు 17 మిల్లీమీటర్లు. నిన్న రాత్రి బాపు ఫోన్ చేశాడు. ఇద్దరు ముగ్గురికి తలగుడ్డ చుట్టమన్నాడు, ఎండకి చుట్టకుండా ఉండరట. తెల్ల రంగు వేస్తానన్నాను.

"కోరా రంగెయ్యి," అన్నాడు. "తెల్లది అమ్మకానికి పంపుతరు గని ఇంట్ల ఎవడు కడ్తడు?"